జంట గూళ్ళు

సాన్‌లీ వంతెన,
1998, చింగ్‌మింగ్ పండుగ వెళ్ళిన వారం

ప్రియమైన అక్కకు,

బావోజూ రాస్తున్నది. ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోను చేయొచ్చుగా అనుకుంటావు. మీ ఇంట్లో ఫోను బావ ఆఫీసు వాళ్ళు పెట్టించినది, దాని తీగ ఆఫీసు మీదుగానే వస్తుందని నువ్వే ఒకసారి చెప్పావు. అందుకే నువ్వు లెక్కలు చెప్పే బడి అడ్రసుకు రాస్తున్నాను. పిల్లల పుస్తకాలు దిద్దుతూ మధ్యలో చదవకు, పాపం వాళ్ళకు సున్నాలు పడతాయి.

చింగ్‌మింగ్‌కు అమ్మానాన్నల సమాధుల మీద గడ్డి పీకి, కొత్త మట్టి పోసి వచ్చాం. ఈసారీ నువ్వు రాలేదని డింగ్ పిన్ని అక్కడే గొణిగింది. మొదటి రోజు నుంచీ నా ఫ్యాక్టరీలో దుప్పట్లకు పట్టు లాగుతున్న మనిషి కదా, ఆవిడ నోటికి నేనే జడుస్తాను. "పెద్దమ్మాయి పెద్దింటి మనిషి అయిపోయింది, చేతికి మట్టి అంటితే ఎలాగ" అంది. మీ కొండ జిల్లా నుంచి రావాలంటే రోజంతా బస్సులో కూర్చోవాలని, బావకు మీటింగులని నీ తరఫున నేనే వాదించాను. నిజానికి నాకూ కోపంగానే ఉంది. అది తర్వాత.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని మన ఫ్యాక్టరీకి వచ్చారు. గది పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, పట్టు గూళ్ళు ఉడికించే గంగాళాలు లెక్కపెట్టారు. చివరికి డింగ్ పిన్ని కూర్చునే పీట మీద కూడా సుద్దతో అంకె వేశారు. పిన్ని లేచి నిలబడి, "నా వీపు మీద కూడా వేసి పోండి నాయనా, మళ్ళీ లెక్క తప్పుతుంది" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాను.

వెంటనే మండలాఫీసుకు వెళ్ళాను. ఒకప్పుడు బావ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఫాంగ్ అని కొత్త పార్టీ కార్యదర్శి కూర్చున్నాడు. నలభై కూడా ఉండవు, నడుముకు ఫోను వేలాడుతూ ఉంటుంది. చాలా మర్యాదస్థుడు. టీ తనే పోసి ఇచ్చాడు. నాకు భయం వేసింది అక్కడే.

"కామ్రేడ్ యావో, మండలం ఫ్యాక్టరీలన్నీ ఈ ఏడు ప్రైవేటు వాళ్ళకు అమ్మేస్తున్నాం. కొత్త విధానం. మీదీ అందులో ఉంది" అన్నాడు.

"విధానం మంచిదే. కానీ నాది ఎప్పటినుంచో ప్రైవేటేగా. మళ్ళీ ప్రైవేటు చేయడమేమిటి?" అన్నాను.

"బోర్డు మీద అలా లేదే."

"బోర్డు సంగతి ఊరందరికీ తెలుసు."

"నాకు తెలియదు. నేను కొత్తగా వచ్చినవాణ్ణి" అని ఎంతో వినయంగా అన్నాడు.

అక్కా, ఆ బోర్డు పెట్టించింది ఎవరో నీకు తెలుసు. ఎనభై అయిదులో, మీ ఇంట్లో, ఎండు ఆవకూరతో పంది మాంసం వండిన రోజు. నువ్వు వడ్డిస్తున్నావు. అప్పటికి నేను ఇంటి వెనక కొట్టంలో ఒక బల్ల వేసుకుని దుప్పట్లు చేస్తున్నాను. దారం మిల్లు వాళ్ళకు జంట గూళ్ళు పనికిరావు కదా. రెండు పురుగులు ఒకే గూట్లో చేరి, రెండూ దారం వదిలి, ఏ పోగు ఎవరిదో తెలియకుండా చిక్కు చేసుకుంటాయి. మిల్లు వాళ్ళు పక్కన పారేసిన ఆ గూళ్ళే నేను చవగ్గా తెచ్చి, ఉడికించి, విప్పి దూదిగా చేసి దుప్పట్లు పరిచేదాన్ని. అడిగేవాళ్ళు పెరిగారు. రెండో బల్ల వేద్దామనుకున్నాను. ఒక్కో బల్లకు నాలుగు మూలల్లో నలుగురు ఉండాలి. ప్రైవేటు మనిషి ఏడుగురి దాకానే జీతానికి పెట్టుకోవచ్చు, ఎనిమిదో మనిషి వస్తే అది దోపిడీ కిందికి వస్తుందని బావ చెప్పాడు. "నేనూ ఒక మూల పట్టుకుంటే ఏడుగురే చాలు. మరి గూళ్ళు ఉడికించేది ఎవరు, పోయిన మా అత్తగారా?" అన్నాను. బావ పడీ పడీ నవ్వాడు. ద్రాక్షసారా కాదు, మన బియ్యం సారా, వెచ్చచేసినది, ఇంకో గిన్నె పోసుకుని, "నీకు ఒక ఎర్ర టోపీ పెడతాను ఉండు" అన్నాడు. పని నీది, లాభం నీది, నష్టం నీది. బోర్డు మాత్రం మండలానిది. ఏటా మండలానికి కొంత రుసుము కట్టు, ఎంతమందిని పెట్టుకున్నా అడిగేవాడుండడు. ఆ రోజుల్లో మన వైపు ఎవరు పెట్టుకోలేదు ఆ టోపీ? "మండల మూడవ పట్టు దుప్పట్ల ఫ్యాక్టరీ" అని పేరు కూడా ఆయనే పెట్టాడు. ఒకటోది, రెండోది ఎక్కడున్నాయని అడిగితే, "మూడోది అంటే గట్టిగా ఉంటుంది" అన్నాడు. కాగితం రాసుకుందామా బావా అని నేను అడిగాను. "మనలో మనకు కాగితమేమిటే" అని నువ్వే అన్నావక్కా, మాంసం గిన్నె నా వైపు జరుపుతూ.

ఇప్పుడు ఫాంగ్ నా ముందు రెండు దారులు పెట్టాడు. ఫ్యాక్టరీ నాదే అంటే, ఇన్నేళ్ళు ప్రభుత్వానికి అబద్ధం చెప్పి, మండలం ఫ్యాక్టరీలకు ఇచ్చే పన్ను రాయితీ తిన్నట్టు. మండలానిదే అంటే, ఏటా ఇంటికి తీసుకెళ్ళిన లాభం మండలం సొమ్ము దొంగిలించినట్టు. "ఏది రాసుకోమంటారో మీరే చెప్పండి" అన్నాడు. ఆ రోజుల్లో నాది అంటే నేరం. ఇప్పుడు నాది అంటే ఘనతట, టీవీలో అలాంటివాళ్ళకు దండలు వేస్తున్నారు. కానీ ఆ రోజు నాది అనలేదు కాబట్టి ఇప్పుడు అనకూడదట. రాత్రుళ్ళు పడుకుంటే ఇదే బుర్రలో తిరుగుతోంది. ఎటు కదిలినా దొంగనే.

బావ ఒక్క మాట చెబితే చాలు. "ఆ ఫ్యాక్టరీలో మండలం ఒక్క యువాను పెట్టలేదు, బోర్డు నేనే పెట్టించాను" అని. ఊరందరికీ తెలిసినా, ఆ ఒప్పందం దగ్గర ఉన్నవాళ్ళం ముగ్గురమే, అందులో మనిద్దరి మాటా చెల్లదు. ఆయనకు ఇష్టమైన పూట చూసి మెల్లగా చెవిన వెయ్యి. నా బతుకంతా ఆ రెండు బల్లల మీదే ఉందక్కా.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ చెల్లెలు
బావోజూ

*

సాన్‌లీ వంతెన,
వసంతం పంట గూళ్ళు వచ్చిన రోజులు

అక్కకు,

నీ జవాబు అందింది. "బావను ఈ గొడవలోకి లాగకు. ఆయనకు ఇంక కొద్దికాలమే సర్వీసు ఉంది. ఫాంగ్ గారు చెప్పినట్టు విను. ఆరోగ్యం జాగ్రత్త." ఇంతే. పిల్లల పుస్తకం మీద కూడా ఇంతకంటే ఎక్కువ రాస్తావేమో. ఆరోగ్యం జాగ్రత్త అన్న ముక్క దగ్గర నాకు కడుపు మండిపోయింది. మా ఆయన గెన్‌ఫా ఉత్తరం తీసుకుని చదివి, మడిచి, మళ్ళీ నా చేతిలో పెట్టి, "టీ తాగుతావా?" అన్నాడు. ఆయన సంగతి తెలుసుగా. ఇల్లు తగలబడుతుంటే కూడా ముందు పడవ తాడు సరిగ్గా కట్టానా లేదా అని చూసుకునే మనిషి.

లాగకు అన్నావు. ఎవరు ఎవర్ని లాగారక్కా? ప్రతి కొత్త సంవత్సరానికి ముందు బావ కారు మన ఫ్యాక్టరీ ముందు ఆగేది. "మంచివి చూసి కట్టు, జిల్లాలో ఫలానాయన అమ్మకు కీళ్ళ నొప్పులట, ఫలానాయన కూతురి పెళ్ళట." కట్టేదాన్ని. డబ్బడిగితే బాగుండదని నువ్వు అనకముందే నేనే అడిగేదాన్ని కాను. బావ మండలం నుంచి జిల్లాకు, ఆ జిల్లా నుంచి ఇప్పుడున్న పెద్ద పదవికి ఎక్కిన ప్రతి మెట్టు మీదా నా దుప్పటి పరిచి ఉంది. సరే, అది నా మొక్కు అనుకున్నాను. ఇప్పుడు ఫాంగ్ మనుషులు తెచ్చిన పట్టుకీ, అమ్మిన దుప్పట్లకీ లెక్క చూసి, "మిగతా దుప్పట్లు ఏమయ్యాయి?" అని అడుగుతున్నారు. ఏమని చెప్పను? ఎవరెవరి మంచాల మీద ఉన్నాయో చెప్పనా? మీ మంచం దగ్గర మొదలుపెట్టనా?

ఇది రాసి కాసేపు ఆగాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను ఇలా మాట్లాడేదాన్నేనని నీకు తెలుసు.

ఫ్యాక్టరీలో ఎవరికీ పని మీద మనసు లేదు. కొనబోయే ఆయన ఒకరోజు వచ్చి చూసి వెళ్ళాడు. ఫాంగ్‌తో కలిసి చదువుకున్నవాడట. బూట్లకు పట్టు పోగులు అంటుకున్నాయని గుమ్మం దగ్గరే నిలబడి రుమాలుతో తుడుచుకున్నాడు. ఆయన పోయాక బల్ల దగ్గర నిలబడ్డాం. నీకు తెలుసుగా, నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని ఒకే తూకంతో లాగాలి, పొర సాలెగూడంత పల్చన అయ్యేదాకా. ఒక్కరు మనసు పెట్టకపోయినా ఆ మూల చిరుగుతుంది. ఆ రోజు ఎన్ని పొరలు చిరిగాయో. "ఏమిటే నీ చేతులు, అప్పులవాడి చొక్కా లాగినట్టు లాగుతున్నావు" అని డింగ్ పిన్ని పక్కావిడను కసిరింది. ఆవిడ మూల వదిలేసి ఏడుపు మొదలుపెట్టింది. "కొత్తాయన మిషన్లు తెస్తాడట, మనల్ని పొమ్మంటాడట" అంది. అందరూ నా మొహం చూశారు. నేను యజమానిననుకుని ఇన్నేళ్ళు వాళ్ళు నా మాట విన్నారు. ఆ పూట మాత్రం గంగాళం దగ్గరికి వెళ్ళి నీళ్ళు కలుపుతున్నట్టు నటించాను.

గెన్‌ఫాను అడిగాను, నన్నేం చేయమంటావని. చాలాసేపు ఆలోచించి, "ఆ జంట గూడు లోపల రెండు పురుగులుంటాయి చూడు. పాపం వాటికీ తెలియదు ఏ దారం ఎవరిదో. కార్యదర్శి గారు వాటిని కూడా పిలిపించి అడుగుతాడేమో" అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన వేసిన మొదటి హాస్యం ఇది. నవ్వు రాకపోగా ఏడుపొచ్చింది.

ఈసారి పంట బాగుంది. గూళ్ళలో పురుగులు బాగా బలిసి ఉన్నాయి. డింగ్ పిన్ని ఉప్పూ మిరపకాయా వేసి కరకరలాడేలా వేయించింది. నీకు పంపుదామని ఒక్క క్షణం అనుకుని, నీకు ఆ వాసన పడదని గుర్తొచ్చి మానుకున్నాను. మన చిన్నప్పటి కరువు ఏళ్ళలో దారం మిల్లు కాలవ దగ్గర ఏరుకొచ్చి, వేయించి, ముక్కు మూసుకుని గిన్నె నా వైపు తోసేదానివి. "ఛీ, ఈ కంపు నువ్వెలా తింటావే" అనేదానివి. నేను గిన్నె నాకేసేదాన్ని. ఇంత కోపంలోనూ ఇవన్నీ ఎందుకు గుర్తొస్తాయో తెలియదు.

ఇంకొక్కసారి అడుగుతున్నాను. బావను అడుగు. ఆయన కాదంటే కాదన్నాడని ఆయన మాటల్లోనే రాయి. నీ మాటల్లో వద్దు.

బావోజూ

*

సాన్‌లీ వంతెన,
వానలు వెనకబట్టిన రోజులు

నా అక్కకు,

పోయిన ఉత్తరం చింపేసి పొయ్యిలో పడెయ్యి. అందులో మాటలు నావి కావు, ఫాంగ్ గదిలో కూర్చుని వచ్చిన మనిషివి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒక ఉదయం మండలాఫీసు నుంచి మనిషి వచ్చి, "కాస్త మాట్లాడుకోవాలి, బట్టలు తెచ్చుకోండి" అన్నాడు. మాట్లాడుకోవడానికి బట్టలెందుకని అడగలేదు. గెన్‌ఫా ఏమీ అనకుండా నా పళ్ళ బ్రష్షు కాగితంలో చుట్టి ఇచ్చాడు. మండలం అతిథి గృహంలో పై అంతస్తులో గది. తలుపుకు గొళ్ళెం కూడా పెట్టలేదక్కా. ఇద్దరు ఆడవాళ్ళు నాతోపాటు కూర్చుని స్వెట్టర్లు అల్లుకుంటారు, నేను లేస్తే వాళ్ళూ లేస్తారు. అన్నం వేళకు అన్నం, అందులో చేప కూడా. కిటికీలోంచి మన ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. పొగ వస్తోందా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని. మొదట్లో వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

ఫాంగ్ రోజూ వచ్చేవాడు. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. "లాభం సంగతి పక్కన పెడదాం, దాన్ని బోనస్ కింద రాసుకోవచ్చు. ఆ దుప్పట్లు ఎక్కడికి పోయాయో అదొక్కటి చెప్పండి" అనేవాడు. ఒకరోజు తనే నవ్వుతూ, "మీ బావగారు ఇప్పుడు మంచి పదవిలో ఉన్నారట కదా. ఇక్కడ తేలకపోతే ఈ కాగితాలు అక్కడి క్రమశిక్షణ సంఘానికి పంపాల్సి వస్తుంది. పెద్దాయన, రిటైరయ్యే వయసులో ఇబ్బంది పడటం నాకిష్టం లేదు" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. వాడికి అన్నీ తెలుసు. దుప్పట్లు ఎవరింటికి పోయాయో కూడా తెలుసు. అందులో కొందరు వాడి పైవాళ్ళే. నేను ఆ పేర్లు చెప్పకూడదు, నా నోటితో ఇంకేదో చెప్పాలి. వాడికి కావలసింది అది.

ఆ రాత్రి అల్లుకునే ఆవిడల్లో ఒకామె నిద్రపోయింది, రెండో ఆమె చలిగా ఉందని నా మీద దుప్పటి కప్పింది. చేత్తో తడిమితే మనదే. మూల దగ్గర కుట్టు డింగ్ పిన్నిది, ఆవిడ ఎప్పుడూ ఒక కుట్టు ఎక్కువ వేస్తుంది. అతిథి గృహానికి కూడా బావే ఇప్పించి ఉంటాడు. నేను ఆ దుప్పటి కప్పుకుని నీ గురించే ఆలోచించాను. మిల్లు కాలవ దగ్గర కాపలావాడు కర్రతో తరుముతుంటే చొక్కా అంచులో పురుగులు మూటగట్టుకుని పరిగెత్తుకొచ్చే నిన్ను. ఆ ఏడు మన వీధిలో ఎంతమంది పిల్లలు పోయారో తెలుసు కదా. నేను పోలేదు. అంతకంటే ఎక్కువ ఆలోచించడానికి ఏముంది?

పొద్దున్నే ఫాంగ్‌ను పిలిపించాను. "ఫ్యాక్టరీ మొదటి రోజు నుంచీ మండలానిదే. నేను జీతానికి కుదిరిన మేనేజరును. ఆ దుప్పట్లు నేనే దొంగచాటుగా అమ్ముకుని తిన్నాను" అన్నాను. ఫాంగ్ టీ పోయడం కూడా మరిచిపోయి కాగితం తీశాడు. అంత తేలిగ్గా చెబుతానని అనుకోలేదేమో. రాయించాడు. ఎర్ర సిరాలో వేలు ముంచి ముద్ర వేశాను. సబ్బుతో ఎంత కడిగినా గోరు పక్కన ఆ ఎరుపు ఇంకా పోలేదు. మండలం నన్ను క్షమించింది. అరెస్టు లేదు. ఫ్యాక్టరీ ఫాంగ్ స్నేహితుడికి పోతుంది, నెలాఖరుకు తాళాలు ఇచ్చేయాలి. మేనేజరుగా ఉంచుతామన్నారు ముందు. తర్వాత, దొంగతనం ఒప్పుకున్న మనిషిని ఎలా ఉంచుతామన్నారు. అదీ న్యాయమే.

బావ పేరు ఎక్కడా రాలేదు. నువ్వు గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకో. ఈ సంగతి ఆయనకు చెప్పకు, మొహమాటపడతాడు. డింగ్ పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. "దొంగతనం చేసినందుకు కాదు, చేశానన్నందుకు" అని గెన్‌ఫాతో అందట. అదొక్కటే కాస్త బాధగా ఉంది.

నా మీద కోపం పెట్టుకోకు.

నీ చెల్లెలు
బావోజూ

*

నా పిచ్చి చెల్లికి,

నీ మూడో ఉత్తరం నెల క్రితం బడిలో నా చేతికిచ్చారు, మీ బావ సంగతి తేలాక ఇప్పుడు జవాబు రాస్తున్నాను. పిల్లల ముందే నిలబడి చదివాను. వాళ్ళు కూడా భయపడి లెక్కలు చేయడం ఆపేశారు. ఎంత పని చేశావే. ఒక్క వారం ఆగలేకపోయావా?

నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. నీ మొదటి ఉత్తరం నేను బావకు చూపించలేదు. ఆ జవాబులో ఉన్నవి ఆయన మాటలు కావు, నావి. నిన్ను కాదన్నది ఆయన కాదు, నేను. నాకు భయం వేసింది. ఈ ఇల్లు ఆఫీసుది, ఈ కుర్చీ ఆఫీసుది, నేను రాస్తున్న ఈ పెన్ను కూడా ఆయన ఏదో సభలో తెచ్చింది. ఇవన్నీ పోతే మేమెవరం అనుకున్నాను. నీకు తెలుసు కదా, నీకంటే నేనెప్పుడూ పిరికిదాన్నే. నా పెద్దరికం చూసి అందరూ తిరగేసి అనుకుంటారు.

రెండో ఉత్తరం మాత్రం దాచలేకపోయాను. ఆయన భోంచేస్తుంటే చదివి వినిపించాను. మెట్టు మెట్టునా దుప్పటి పరిచానన్నావు చూడు, అక్కడ తినడం ఆపేశాడు. గిన్నె పట్టుకుని వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు. వాన పడుతోంది, అన్నంలో నీళ్ళు పడుతున్నాయి. "లోపలికి రండి" అన్నాను. "బోర్డు మీద మూడవ అని ఎందుకు రాయించానో తెలుసా? ఒకటవ అంటే ఎవరైనా వచ్చి చూస్తారని" అన్నాడు. తర్వాత ఆ గిన్నె అలాగే తెచ్చి బల్ల మీద పెట్టి పడుకున్నాడు. చాలా రోజుల పాటు ఆయన ఎక్కడికీ వెళ్ళి ఈ సంగతి చెప్పకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. పార్టీ ఇంట్లో దేవుడేమిటని మళ్ళీ నేనే సిగ్గుపడ్డాను.

ఒకరోజు పొద్దున మంచి కోటు తొడుక్కుని, "ఆ దుప్పటి కప్పుకుంటే నిద్ర పట్టడం లేదు. గుచ్చుకుంటోంది" అన్నాడు. పట్టు దుప్పటి ఎక్కడైనా గుచ్చుకుంటుందా? నేను అడ్డంగా నిలబడ్డాను. "జరుగు బావోచిన్, బస్సు పోతుంది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మొదటిసారి కారు అడగలేదు. పార్టీ క్రమశిక్షణ సంఘానికి వెళ్ళి అన్నీ చెప్పేశాడు. ఫ్యాక్టరీ నీదేనని, మండలం ఒక్క యువాను పెట్టలేదని, బోర్డు తనే పెట్టించానని, దుప్పట్లు తనే తీసుకెళ్ళి పంచానని. ఎవరెవరికి పంచాడో కూడా చెప్పాడట. ఆ పేర్లు మాత్రం అక్కడ ఎవరూ రాసుకోలేదట. మీ అతిథి గృహంలో నువ్వు వేలిముద్ర వేసిన వారంలోనే ఇదంతా జరిగింది.

ఆయన తిరిగొచ్చి, "ఇక ఫాంగ్ దగ్గర బావోజూకు భయం లేదు" అని రెండు గిన్నెలు అన్నం తిన్నాడు. అప్పటికే నీ కాగితం ఫాంగ్ బల్ల మీద ఉందని మాకేం తెలుసు?

రెండు కాగితాలూ ఒకచోటికి చేరాయి బావోజూ. ఫ్యాక్టరీ నీదేనని ఆయన రాశాడు, మండలానిదేనని నువ్వు రాశావు. రెండూ ఒకేసారి నిజం కావు కదా, ఏదో ఒకటి కొట్టేయాలి కదా అని నేను లెక్కల టీచర్ని కాబట్టి అనుకున్నాను. వాళ్ళు ఏదీ కొట్టేయలేదు. ఆయన కాగితం చూసి, అబద్ధపు బోర్డు పెట్టించానని స్వయంగా ఒప్పుకున్నందుకు పార్టీ నుంచి తీసేశారు. ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చేయమన్నారు. నీ కాగితం చూసి ఫ్యాక్టరీ అమ్మేశారు. రెండు కాగితాలూ వాళ్ళకు పనికొచ్చాయి. నీ ఉత్తరం చదివి వినిపించకుండా నేనో, ఫాంగ్ ముందు నువ్వో నోరు మూసుకుని ఉంటే ఒక్కరైనా మిగిలేవాళ్ళం. ఈ ముక్క ఆయనతో అంటే, "మీ అక్కాచెల్లెళ్ళకు నోరు మూసుకోవడం ఎప్పుడు చేతనైంది" అన్నాడు. సభ్యత్వం పుస్తకం తిరిగి ఇచ్చేసి వచ్చిన రోజు మాత్రం చొక్కా జేబును ఊరికే తడుముకుంటూ కూర్చున్నాడు. చూడలేకపోయాను. నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు.

మేం అక్కడికే వస్తున్నాం. వేరే ఎక్కడికి పోతాం? నీ కొట్టం ఖాళీగానే ఉందిగా. పాత బల్ల ఒకటి అక్కడే ఉండాలి, ఫాంగ్ మనుషులు దాని మీద సుద్ద అంకె వేయకపోతే. మిల్లు వాళ్ళు జంట గూళ్ళు ఇప్పటికీ పారేస్తూనే ఉంటారు కదా. ఇప్పుడు లైసెన్సుకు ఎవరూ అడ్డు చెప్పరట, ఏడుగురు ఎనిమిదిమంది గొడవ కూడా లేదట. నీ పేరున ఇవ్వరు, దొంగతనం ఒప్పుకున్నావు కాబట్టి. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, నా రాజీనామా తేలేదాకా నా పేరునా ఇవ్వరు. గెన్‌ఫా పేరున ఇస్తే ఆయన సంతకం పెట్టడానికి సాయంత్రం దాకా ఆలోచిస్తాడు. బావ ఇప్పుడు పార్టీ మనిషి కాదు, ఏ వ్యాపారమైనా చేసుకోవచ్చట. మీ బావ పేరున తీద్దాం. మళ్ళీ ఆయన పేరు కిందే నువ్వు పని చేయాలి. ఈసారి ఎర్ర టోపీ లేదు, ఉత్త బట్టతలే.

ఒక బల్లకు నలుగురు కావాలన్నావు. నువ్వు, గెన్‌ఫా, ఆయన, నేను. ఆయనకు సంతకం పెట్టడం తప్ప చేతులతో ఇంకో పని రాదు, మూల పట్టుకోవడం నువ్వే నేర్పాలి. కసురుకో, పరవాలేదు. డింగ్ పిన్ని వస్తే ఆవిడనే నేర్పమను. ఆవిడ తిట్లకు ఆయన ఈ వయసులో అలవాటు పడాలి.

ఇంకొక్క సంగతి. పురుగులు పంపలేదని రాశావు, నాకు వాసన పడదని. నాకు ఆ వాసన ఎప్పుడూ పడేదే. ఇక్కడి బజారులో అవి వేయించే కొట్టు ముందు నుంచి పోవాలంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఆ ఏడు గిన్నెలో ఒక్కరికి సరిపడా మాత్రమే ఉండేవి. అంతే.

మేం దిగే పూటకు ఒక గిన్నెడు వేయించి ఉంచు. ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యి.

నీ అక్క
బావోచిన్